మింగిన మాత్ర ఎక్కడికి పోతుంది?

“డాక్టరుగారూ! నొప్పేమో మోకాల్లో ఉంది. మాత్రేమో పొట్టలోకి పోయింది. దానికి మోకాలి దారి ఎవరు చెప్పారండీ?”

ఆస్పత్రి ఓ.పి.లో ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. అడిగేవారు నవ్వుతూనే అడుగుతారు. కాని ఇది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదు. దీనికి జవాబు సరిగా తెలిస్తే మందుల వాడకంలో మనం చేసే పొరపాట్లు సగానికి సగం ఆగిపోతాయని నా నమ్మకం.

జవాబు ఏమిటంటే, దారి ఎవరూ చెప్పరు. మాత్ర కరిగి రక్తంలో కలుస్తుంది. రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. మోకాలికి వెళ్ళినట్టే కడుపుకూ వెళుతుంది, మూత్రపిండాలకూ వెళుతుంది. మోకాల్లో నొప్పి తగ్గించిన మాత్రే కడుపులో పుండు చేయగలదు, మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మందు మనవాళ్ళెవరో పైవాళ్ళెవరో చూసుకుని పనిచెయ్యదు.

వైద్య విద్యార్థులకు ఈ విషయాలన్నీ నేర్పే శాస్త్రాన్ని ఫార్మకాలజీ అంటారు. తెలుగులో ఔషధశాస్త్రం అనుకోవచ్చు. ఆ శాస్త్రం ఎంత పెద్దదైనా అందులోని మూలసూత్రాలు రెండు ప్రశ్నల్లో ఇమిడిపోతాయి. మందు శరీరాన్ని ఏం చేస్తుంది? శరీరం మందును ఏం చేస్తుంది? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ళ సర్కారు కొలువులో నేను చూసిన మందుల ప్రమాదాలు ఎక్కువగా ఆ అడగని ప్రశ్న దగ్గరే జరిగాయి. అందులో ఒకటి నా చేతిమీదుగా జరిగింది. అదీ చెబుతాను. ముందుగా కొంచెం పాఠం వినాలి.

తాళం, తాళంచెవి

నేను ఎం.బి.బి.ఎస్. రెండో దశలో ఉన్నప్పుడు, అంటే 1989–90 ప్రాంతాల్లో, ప్రయోగశాలలో ఒక పని చేయించేవారు. కప్ప పొట్ట కండరాన్ని గాజు గొట్టంలో వేలాడదీసి, దానికొక సన్నని పుల్ల తగిలించేవాళ్ళం. పక్కనే గుండ్రంగా తిరిగే డ్రమ్ము ఉండేది. దానికి చుట్టిన కాగితానికి మసి పట్టించి ఉండేది. ఎసిటైల్‌కోలిన్ అనే మందు చుక్క వేస్తే కండరం ముడుచుకునేది, పుల్ల కదిలి మసిమీద తెల్లటి గీత గీసేది. ఇప్పుడు పిల్లలకు కప్పల బదులు కంప్యూటరు తెరమీదే ఇదంతా చూపిస్తున్నారు. మంచిదే.

మందు రెట్టింపు వేస్తే గీత పెరిగేది. మళ్ళీ రెట్టింపు వేస్తే ఇంకొంచెం పెరిగేది. కొంతదూరం వెళ్ళాక ఎంత వేసినా గీత పెరిగేది కాదు. ఎందుకని?

ప్రతి కణంమీదా తాళాల వంటివి ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. మందు తాళంచెవిలా వెళ్ళి అందులో కూర్చుంటేనే పని జరుగుతుంది. కండరంమీద ఇలాంటిది ఏదో ఉండి తీరాలని కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త 1905లో చెప్పాడు. తాళాలన్నీ నిండిపోయాక తాళంచెవులు ఇంకా గుమ్మరించినా లాభం లేదు. కప్ప కండరం మాకు చూపించింది అదే.

మీకు ఇందులో పనికివచ్చే సంగతి ఏమిటంటే, రెండు మాత్రలు వేసుకుంటే గుణం రెండింతలు కావాలని లేదు. ఒక హద్దు దాటాక గుణం ఆగిపోతుంది. హాని మాత్రం ఆగదు. కూరలో ఉప్పు సంగతి వంట చేసేవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి. ఒకే రకం తాళాలు ఒంట్లో చాలా గదులకు ఉంటాయి. ప్రొప్రనలాల్ అనే మాత్ర గుండె దడకు ఇస్తాం, కొన్ని రకాల తలనొప్పికీ ఇస్తాం. అది మూసే తాళాల వంటివే ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ ఉన్నాయి. ఉబ్బసం ఉన్న మనిషి ఈ మాత్ర వేసుకుంటే ఊపిరాడని పరిస్థితి రావచ్చు. పక్కింటావిడకు తలనొప్పి తగ్గించిందని ఆ మాత్ర మీరు వేసుకోకూడదని డాక్టర్లు పోరేది ఇందుకే.

నోటినుంచి రక్తందాకా

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. శరీరం మందును ఏం చేస్తుంది?

నోట్లో వేసుకున్న మందు కడుపు, పేగులు దాటి రక్తంలోకి రావాలి. దారిలో ఎన్నో అడ్డంకులు. ఇన్సులిన్ మాంసకృత్తు కాబట్టి మింగితే అన్నం పప్పులాగే అరిగిపోతుంది. 1922లో మొదటిసారి మనిషికి ఇచ్చింది సూదిమందుగానే. థైరాయిడు మాత్ర టిఫినుతో కలిస్తే సరిగా ఒంటబట్టదు. అందుకే పరగడుపున, టిఫినుకు అరగంటనుంచి గంట ముందు వేసుకోమంటాం. కాల్షియం, ఇనుము మాత్రలు దానితో కలపవద్దంటాం. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి పాలతో వేసుకుంటే పాలలోని కాల్షియం వాటిని పట్టి ఉంచుతుంది. ఇనుము మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు వృథా. పాపం, రక్తహీనత తగ్గలేదని మళ్ళీ మందును తిడతాం.

పేగులనుంచి వచ్చిన రక్తం నేరుగా గుండెకు పోదు. ముందుగా లివరులోంచి వెళ్ళాలి. లివరు టోల్‌గేటు వంటిది. కొన్ని మందులను మొదటి దాటులోనే చాలావరకు విరిచేస్తుంది. గుండెనొప్పి వచ్చినప్పుడు సార్బిట్రేట్ మాత్రను మింగవద్దు, నాలుకకింద పెట్టుకోండి అనేది ఇందుకే. నాలుకకింద నుంచి మందు లివరు దారి తప్పించుకుని రక్తంలోకి చేరి కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. పెట్టుకునేటప్పుడు కూర్చోండి. రక్తపోటు తగ్గి కళ్ళు తిరగవచ్చు.

కొన్ని మాత్రలు రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా తయారుచేస్తారు. మింగలేకపోతున్నారని వాటిని పొడిచేసి పెద్దవాళ్ళకు ఇస్తే, రోజంతటి మందూ ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. పొడిచెయ్యవచ్చో లేదో అడిగి మరీ చెయ్యండి.

లోపలినుంచి బయటికి

పని అయిపోయిన మందు బయటికి పోవాలి. ఆ బాధ్యత ముఖ్యంగా లివరుది, మూత్రపిండాలది. లివరు మందును విరిచి తేలికపరుస్తుంది. మూత్రపిండాలు మూత్రంలోకి తోసేస్తాయి.

ఈ ఇద్దరు పనివాళ్ళూ అందరిలోనూ ఒకేలా ఉండరు. పుట్టిన పాపలో ఇంకా పని నేర్చుకుంటూ ఉంటారు. ముసలితనంలో అలసిపోతారు. అందుకే నలభైఏళ్ళ కొడుకుకు సరిపడే మోతాదు డెబ్భైఏళ్ళ తల్లికి ఎక్కువ కావచ్చు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగి మూత్రపిండాలు పాడైతే, ఆమె వాడే మిగతా మందులు కూడా ఒంట్లో పేరుకుపోవచ్చు.

ఒక మందు ఇంకో మందు గతిని మార్చడం కూడా ఇక్కడే జరుగుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ లివరును మరింత చురుగ్గా పనిచేయిస్తుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు త్వరగా విరిగిపోయి పని చెయ్యకుండా పోవచ్చు. క్షయ మందు వాడుతున్న స్త్రీలు ఈ సంగతి డాక్టరుతో చెప్పడానికి మొహమాటపడకూడదు.

సగం లెక్క

రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధజీవితకాలం అంటారు. నూరుపాళ్ళ మందు ఒక అర్ధజీవితకాలంలో యాభై అవుతుంది. రెండోదానికి ఇరవైఐదు, మూడోదానికి పన్నెండున్నర, నాలుగోదానికి ఆరు, అయిదోదానికి మూడు. అంటే సుమారు అయిదు అర్ధజీవితకాలాలు గడిస్తేగాని మందు ఒళ్ళు ఖాళీ చెయ్యదు. రోజూ వేసుకునే మందు ఒంట్లో పూర్తిగా కుదురుకోవడానికీ ఇంచుమించు అంతకాలమే పడుతుంది.

ఎమాక్సిసిలిన్‌ది గంట ప్రాంతం. అందుకే దాన్ని ఎనిమిది గంటలకోసారి వేసుకోమంటాం. “మూడుపూటలా” అంటే చాలామంది ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఏడుకు వేసేస్తారు. రాత్రి పదమూడు గంటలు క్రిములకు సెలవు! ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అనుకుంటే సరిపోతుంది.

రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌ది 30నుంచి 50 గంటలు. అది కుదురుకోవడానికి వారం పడుతుంది. మూడురోజులు వాడి “బీపీ దిగలేదు, మందు మార్చండి” అంటే తొందరపాటే. థైరాయిడు మాత్రది వారంరోజులు. అందుకే మోతాదు మార్చాక ఆరువారాలకు గాని రక్తపరీక్ష చేయించమనం.

పరీక్షలో ఈ లెక్క నాకు బాగానే వచ్చింది. మార్కులూ వచ్చాయి. అర్థం మాత్రం తరువాత అయింది.

కార్తీక సోమవారం

1993. నేను హౌస్‌సర్జన్ని. ఏ ఊరి ఆస్పత్రో చెప్పను. కార్తీక సోమవారం సాయంత్రం ఒక ముసలమ్మను ఇద్దరు కొడుకులు చేతులమీద తెచ్చారు. చక్కెరవ్యాధి ఉంది. పొద్దున్నే అలవాటు చొప్పున గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకుంది. ఉపవాసం కనుక ఏమీ తినలేదు. మధ్యాహ్నం చెమటలు పట్టాయి. ఏదో మాట్లాడిందట. ఉపవాసం నీరసమని పడుకోబెట్టారు. సాయంత్రానికి పిలిస్తే పలకలేదు.

రక్తంలో చక్కెర అడుగంటిందని నాకు తెలిసింది. నరంలోకి గ్లూకోజు ఎక్కించాను. కొద్ది నిమిషాల్లో కళ్ళు తెరిచి “మంచినీళ్ళియ్యరా పెద్దోడా” అంది. పెద్దకొడుకు నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. పాతికేళ్ళు నిండని వయసులో అలాంటి క్షణం మనిషికి ఎంత గర్వాన్నిస్తుందో ఊహించుకోండి.

“అయ్యా, ఆఖరి బస్సు పోద్ది. అమ్మ బాగానే ఉంది గదా, తీసుకుపోతాం” అన్నారు కొడుకులు. ఆమె లేచి కూర్చుంది. మాట్లాడుతోంది. సరే, ఇంటికి వెళ్ళి అన్నం పెట్టండి అని పంపేశాను.

తెల్లవారుజామున మళ్ళీ తెచ్చారు. రాత్రి నాలుగు మెతుకులు తిని నిద్రపోయిందట. నిద్రనుకున్నది నిద్ర కాదు. ఈసారి గ్లూకోజు ఎక్కించినా కళ్ళు తెరవడానికి రెండురోజులు పట్టింది. ప్రాణం దక్కింది. కాని చాలాసేపు చక్కెర అందని మెదడు మునుపటిలా కాలేదు. పెద్దోడు ఎదురుగా నిలబడి ఉంటే ఎవరో తెలియనట్టు చూసింది. ఆస్పత్రినుంచి వెళ్ళేరోజు కూడా అంతే.

మా పెద్ద డాక్టరుగారు నన్ను తిట్టలేదు. “ఏమయ్యా, ఆ మాత్ర ప్రభావం ఎంతసేపుంటుంది?” అని మాత్రం అడిగారు. “ఇరవైనాలుగు గంటలదాకా ఉంటుందండీ. ముసలివాళ్ళలో, మూత్రపిండాలు బలహీనపడ్డవాళ్ళలో ఇంకా ఎక్కువ” అన్నాను. జవాబు సరైనదే. “మరి నువ్వెక్కించిన గ్లూకోజు?” అన్నారు. దానికి నేను మాట్లాడలేకపోయాను. అది కాసేపటికే ఖర్చైపోతుంది. మాత్ర ఒంట్లో ఉండగా ముసలమ్మను ఇంటికి పంపింది నేను.

ఆరోజు నాకు తెలిసిన మాట మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మనిషి తేరుకోవడం వేరు, మందు దిగిపోవడం వేరు.

ఇప్పుడు గ్లిబెన్‌క్లమైడ్ వాడకం తగ్గింది. కాని అదే కుటుంబానికి చెందిన గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ చాలా ఇళ్ళలో ఉన్నాయి. చక్కెర బాగా పడిపోయి చెమటలు, వణుకు, తికమక వస్తే, మెలకువగా ఉన్న మనిషికి వెంటనే మూడునాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. తరువాత భోజనం పెట్టండి. స్పృహలేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. డాక్టరు ఇంకా ఒకరోజు ఉండమంటే బిల్లు కోసమేనని అనుమానించకండి. ఉపవాసాలుండేవారు మాత్ర సంగతి ముందురోజే డాక్టరును అడగండి.

సన్నని గట్టు

మేలుచేసే మోతాదుకూ కీడుచేసే మోతాదుకూ మధ్య ఉండే ఎడం ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. కొన్నిటికది బండిబాట, కొన్నిటికి పొలంగట్టు. గట్టుమీద నడిచేటప్పుడు చూపు పక్కకు పోకూడదు.

మన భీమవరంలో 1895లో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలతో ముడిపడిన మందు మెథోట్రెక్సేట్. ఎందరో క్యాన్సరు రోగులకు ప్రాణం పోసింది. తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు కూడా ఇస్తాం. ఈ జబ్బులకు ఇచ్చేటప్పుడు వారానికి ఒకేఒక్క రోజు. అది రక్తంలోంచి త్వరగానే పోయినా కణాల లోపల రోజుల తరబడి నిలిచిపోతుంది. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పూసి, ఎముకల్లో మూలుగ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపుబిళ్ళే కావచ్చు. ఏది ఏ వారమో చీటీమీద పెద్దక్షరాలతో రాయించుకోండి.

అందరికీ తెలిసిన పారాసెటమాల్‌కు బాట వెడల్పే. కాని అంచు లేకపోలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠం. అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు ఎనిమిది, 650వి ఆరు. బక్కపలుచని వారికి, లివరు జబ్బున్నవారికి, సారా అలవాటున్నవారికి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో ఇదే ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి వేసుకునేవారు తెలియకుండానే రెట్టింపు వేసుకుంటారు. పిల్లల సిరప్పు 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. పాత సీసా కొలత కొత్త సీసాకు పనికిరాదు.

పారాసెటమాల్ ఎక్కువగా మింగినవారు మొదటిరోజు కాస్త వికారంతో మామూలుగానే తిరుగుతారు. లివరు దెబ్బతిన్న సంగతి రెండుమూడు రోజులకు గాని బయటపడదు. విరుగుడు మందు ఉంది. అది మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది. కోపంలోనో దుఃఖంలోనో ఇంట్లో ఎవరైనా గుప్పెడు మాత్రలు మింగి “నాకేం కాలేదు, బాగానే ఉన్నాను” అంటే నమ్మి కూర్చోకండి. పరువు గురించి ఆలోచించడానికి తరువాత చాలా టైముంటుంది.

మీరు చెయ్యవలసినవి

డాక్టరు చీటీ రాసి ఇచ్చాక లేచి వెళ్ళేముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

1. ఈ మందు దేనికి?

2. అన్నానికి ముందా, తరువాతా? దేనితో కలపకూడదు?

3. ఎన్ని గంటలకోసారి, ఎన్నాళ్ళు?

4. ఒకపూట మరిచిపోతే ఏం చెయ్యాలి? తరువాతి పూట రెండూ కలిపి వేసుకోవడం మాత్రం మీ అంతట మీరు చెయ్యకండి.

5. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

అలాగే మీరు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. గర్భం, పాలిచ్చే పాప, ఉబ్బసం, లివరు జబ్బు, మూత్రపిండాల జబ్బు, ఇదివరకు ఏ మందైనా పడకపోవడం, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదమూ నాటుమందూ సహా. అన్నీ ఒక సంచిలో వేసి తెచ్చి బల్లమీద పెట్టినా సంతోషమే. మేము విసుక్కోము. ఎవరైనా విసుక్కుంటే మళ్ళీ అడగండి.

ఆ ముసలమ్మ కొడుకులు ఆ సాయంత్రం నన్ను ఒక్కమాట అడిగి ఉంటే, “ఈ మాత్ర ఇంకా ఎంతసేపు పనిచేస్తుందయ్యా?” అని అడిగి ఉంటే, నాకు జవాబు నోటికి వచ్చు. జవాబు చెబుతూ ఆగిపోయేవాణ్ణి. తప్పు వాళ్ళది కాదు, నాదే. అయినా మీరు మాత్రం అడగండి.